గండికోటలో కరగని రాగి

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా వచ్చినా, ప్రొద్దుటూరు నుంచి వచ్చినా గండికోటకు దారి జమ్మలమడుగు మీదుగానే. కోటలో కాస్త ముందుకు నడిస్తే మాధవరాయస్వామి గోపురమూ, జామా మసీదు మినార్లూ ఒకే చూపులో కనిపిస్తాయి. చాలామంది ఆ రెంటినీ ఫొటో తీసుకుని పెన్నా లోయ వైపు వెళ్లిపోతారు. ఈ కోటలోనే ఒకప్పుడు దేవుళ్ల విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయబోయారు. ఆ పని ఎందుకు చెడిందో తెలియాలంటే కొలిమి దగ్గర కాసేపు నిలబడాలి.

పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మంత్రి, సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. ఫిరంగుల సంగతి మనకు దక్కింది తావెర్నియే రాతల్లోనే. నవాబు మీర్ జుమ్లా అడిగినవి 20 ఫిరంగులు: 48 పౌన్ల గుండు పేల్చేవి పది, 24 పౌన్లవి పది. పోతపని ఒప్పుకున్నవాడు బూర్జ్ పట్టణపు ఫ్రెంచివాడు క్లోద్ మాయే. రాగి కోసం పలుచోట్ల గుళ్ల నుంచి విగ్రహాలు తెప్పించారు. వాటన్నిటినీ మాయే కరిగించాడు. గండికోట గుడిలోని ఆరు పెద్ద రాగి విగ్రహాలు మాత్రం కరగలేదు. వాటిలో మూడు కూర్చున్న మూర్తులు, మూడు సుమారు పదడుగుల ఎత్తువి.

అలాంటి మూర్తిని పోసే పద్ధతిని చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దిలోనే మానసోల్లాసంలో వివరంగా చెప్పాడు. మొదట మూర్తిని మైనంతో చేస్తారు. వేళ్ల కణుపులు, హారంలో పూసలు, పంచె కుచ్చెళ్లు అన్నీ ఆ మైనంలోనే తేలాలి. తర్వాత మైనాన్ని తూకం వేస్తారు. మైనంకన్నా రాగి దాదాపు తొమ్మిది రెట్లు బరువు కనుక ఎంత లోహం కావాలో పొయ్యి రాజేయక ముందే లెక్క తేలుతుంది. ఈ తూకం ముచ్చట నాకు ఎంతో ఇష్టం. పోత మధ్యలో లోహం చాలకపోతే మూర్తి మొత్తం పాడు; ఆ ముప్పును తక్కెడ మీదే తప్పించారు.

ఇక మట్టి. మాడ్చిన ఊక, సన్నగా తరిగిన దూది, ఉప్పు కలిపి నున్నని రాతి మీద నూరిన మట్టిని మైనం మీద పూస్తారు. మొదటి పూత పలుచన, ఎందుకంటే మైనంలోని ప్రతి గీతనూ అదే పట్టుకోవాలి. అది నీడన ఆరాక రెండోది, ఆపైన మందంగా మూడోది. ఎండలో పెడితే మట్టి నెర్రెలిస్తుంది. లోహం పోయడానికి ఒక దారి, లోపలి గాలి పోవడానికి మరికొన్ని దారులు వదులుతారు. అచ్చును కాలిస్తే మైనం కారిపోయి మూర్తి ఆకారంలో ఖాళీ మిగులుతుంది. కరిగిన లోహాన్ని సన్నటి ధారగా, ఆపకుండా ఆ ఖాళీలోకి పోస్తారు. మట్టి పగలగొడితే మూర్తి బయటపడుతుంది. అచ్చు పగిలిపోయింది, మైనం కారిపోయింది కనుక దానికి జత ఉండదు. ఆ తర్వాత ఉలితో నగిషీ, చివరగా కళ్లు.

ఫిరంగికీ మట్టి అచ్చే. మధ్యలో గొట్టం రావాలి కాబట్టి అచ్చు లోపల మట్టి పూసిన ఇనుప కడ్డీని నిలబెడతారు. అది వెంట్రుకవాసి ఒరిగినా ఒకవైపు గోడ పలచబడి, పేల్చినప్పుడు అక్కడే చీలుతుంది. అచ్చు పైభాగాన అదనంగా లోహం నిలుపుతారు. చల్లారి కుంచించుకుపోయే లోహానికి ఆ బరువు పైనుంచి దిగుతుంది. లోహం కూడా కొలతలోనే ఉండాలి: తొమ్మిది పాళ్ల రాగికి సుమారు ఒక పాలు తగరం.

మాయే చేతికి వచ్చింది ఊరికో రకం లోహం. ఒక విగ్రహంలో సీసం, ఇంకోదానిలో జింకు, మరోదానిలో దాదాపు ఉత్త రాగి ఉండి ఉండవచ్చు. జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. సీసం రాగితో కలవక విడిగా ముద్దకడుతుంది. ఇలాంటి కలగలుపుతో గట్టి ఫిరంగి పోయడం మహా కష్టం. తావెర్నియే రాసిన ఫలితమూ అదే: ఒకటి పగిలింది, ఒకటి అసంపూర్తిగా మిగిలింది, చివరికి ఒక్క ఫిరంగీ పూర్తి కాలేదు. మాయే కొలువు వదిలి వెళ్లిపోయాడు.

ఆ ఆరు మూర్తుల మాటకు వద్దాం. పదడుగుల నిలువు మూర్తిని లోపల డొల్ల లేకుండా పోసి ఉంటే అది సుమారు మూడు టన్నులు తూగుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. పైగా రాగి వేడిని ఒకచోట నిలవనీయదు. పాదాల దగ్గర మంట పెడితే ఆ వేడి నడుముకూ, భుజాలకూ పాకిపోతుంది. ఒక మూల కరగాలన్నా ఒళ్లంతా బాగా వేడెక్కాలి. ముక్కలు చేసి మూసల్లో వేద్దామంటే ఉత్త రాగి సుత్తి దెబ్బకు పగలదు, సొట్టపడుతుంది. తగరం ఎక్కువున్న కంచు అయితే సుత్తి దెబ్బకు విరిగేది. కాబట్టి ఆ మూర్తులను కాపాడింది వాటి నిండైన పోత, మేలైన రాగి అని నా నమ్మకం. పేరు తెలియని ఏ స్థపతో మైనం తూచిన రోజున పెట్టిన బలం అది.

నవాబు అలా అనుకోలేదు. ఎంత సొమ్ము పోసినా పని జరగకపోయేసరికి, విగ్రహాలకు మంత్రం వేశారని అర్చకుల మీద నింద మోపి బెదిరించాడట. ఈ కథలో నన్ను నిలదీసేది ఈ ఘట్టమే. అంతవరకూ ఇది రాగి అవసరం, యుద్ధం అవసరం. అలాంటి అవసరం పడితే రాజు ఏ మతంవాడైనా వెనుకాడలేదు. కాశ్మీరును ఏలిన హర్షుడు దేవతలను పెకలించడానికే ఒక అధికారిని పెట్టాడని కల్హణుడు రాశాడు. 1700లో నార్వా దగ్గర ఫిరంగులు పోగొట్టుకున్న రష్యా రాజు పీటర్ తన సొంత చర్చిల గంటలనే కరిగించి కొత్తవి పోయించాడు. గండికోటలో కొలిమి ఓడిపోయాక ఆ ఓటమికి మతం పేరు తగిలించారు. నిప్పు చాలలేదని ఒప్పుకుంటే ఇంకో కొలిమి కట్టాలి. మంత్రం అంటే మాత్రం ఎదుట నిలబడ్డ అర్చకుడు నేరస్థుడవుతాడు, అతన్ని కొట్టడం న్యాయమవుతుంది. దైవశక్తి మీద జనానికుండే నమ్మకమే ఇక్కడ అభియోగపత్రం అయింది.

అదే కథను ఈనాడు అటువైపు నుంచి తిప్పి చెప్పడమూ తేలికే. దేవుడు కరగలేదు, కాబట్టి కరిగించబోయినవాడి మతస్థుల మీద పగ తీర్చుకోవాలి అనే మాట అంతే వేగంగా తయారవుతుంది. మీర్ జుమ్లా ఇరాన్ లోని అర్దిస్తాన్ నుంచి వజ్రాల వ్యాపారానికి వచ్చి సేనాని అయినవాడు. 1656లో గోల్కొండను వదిలి మొగలుల పక్షం చేరాడు. కొలిమి నడిపినవాడు ఫ్రెంచివాడు. గోల్కొండ కాల్బలంలో నాయకవాడీలనే తెలుగు సైనికులు ఉండేవారు. జమ్మలమడుగు సంతలో దుకాణం పెట్టుకున్న సాయిబుకు ఈ లెక్కలో ఏ పాలూ లేదు.

కోటకు పిల్లలను తీసుకొచ్చే పంతుళ్లు గోపురం ముందు ఈ సంగతి చెప్పాలనే నా కోరిక. ముందు మైనం తూకం, మూడు పూతల మట్టి, 1085 డిగ్రీలు చెప్పి, ఆ తర్వాతే నవాబు కోపం దగ్గరికి రావాలి. వీలైతే అంతకుముందు ప్రొద్దుటూరులో ఏ కంసాలి అంగడి దగ్గరైనా ఆగి, మూసలో చిటికెడు లోహం కరగడానికి ఎంతసేపు ఊదాలో పిల్లలకు చూపించాలి.