యాత్రికుని ప్రయాణము: మనం చదవని సగం

జాన్ బన్యన్ వ్రాసిన 'యాత్రికుని ప్రయాణము' మా ఇంట్లో బైబిలు, కీర్తనల పుస్తకం తరువాత మూడవది. అట్ట ఊడిపోయిన ఆ తెలుగు ప్రతిని మా నాన్నగారు వానాకాలపు సాయంత్రాల్లో బిగ్గరగా చదివేవారు. మన సంఘంలో క్రైస్తవులం కొద్దిమందిమే కనుక కథ క్లుప్తంగా చెబుతాను. క్రిస్టియన్ అనే అతనికి తన ఊరు నాశనం కాబోతున్నదని తెలుస్తుంది. వీపు మీద పెద్ద మూట, అది అతని పాపభారం. పరలోక పట్టణానికి బయలుదేరి, ఊబిలో పడి, కొండ ఎక్కి, రాక్షసుడి చేత దెబ్బలు తిని చివరకు చేరుకుంటాడు.

ఈ మధ్య ఆ పుస్తకాన్నే ఇంగ్లీషులో మా పిల్లలకు చదివి వినిపించడం మొదలుపెట్టాను. నాలుగు పేజీలు దాటలేదు, మా పెద్దమ్మాయి ఆపింది. "వాళ్ళావిడా పిల్లలూ ఏడుస్తూ పిలుస్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పరుగెత్తాడా? మరి వాళ్ళ సంగతేమిటి డాడీ?" నాన్నగారు చదివినప్పుడు నాకీ సందేహం రాలేదు. తనకు రావడంలో వింత లేదు. నేను ఈ దేశానికి ముందు ఒంటరిగా వచ్చినవాణ్ణి. వాళ్ళు రావడానికి రెండేళ్ళు పట్టింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత చదివితే తెలిసింది, ఆ ప్రశ్న బన్యన్‌నూ వదలలేదని. కొంతదూరం పోయాక ఒక ఇంట్లో క్రిస్టియన్‌ని అదే అడుగుతారు: భార్యనూ నలుగురు పిల్లలనూ ఎందుకు తీసుకురాలేదని. అతను ఏడుస్తాడు. ఎంత బతిమాలినా వాళ్ళు రాలేదంటాడు. ఆ కన్నీళ్ళు కల్పన అనిపించదు. బన్యన్ బెడ్‌ఫర్డ్ ప్రాంతపు మాట్లు వేసేవాడు, కుండలూ పళ్ళేలూ బాగుచేసి బ్రతికేవాడు. అనుమతి లేకుండా బోధించాడని 1660లో జైల్లో పెట్టారు. బోధించనని మాటిస్తే వదిలేవారే. ఇవ్వలేదు. 1672 దాకా లోపలే ఉన్నాడు. బయట భార్య, నలుగురు పిల్లలు. వారిలో పెద్దపిల్ల మేరీ పుట్టుగుడ్డిది. జైల్లో కూర్చుని లేసుల కొసలకు తొడుగులు వేసి ఇంటికి డబ్బు పంపేవాడు. మొదటి భాగం 1678లో అచ్చయింది.

సాహిత్యంగా ఆ భాగమే గొప్పది, సందేహం లేదు. క్రైస్తవ జీవితంలో ఎదుగుదల గురించి అందులో ఉన్నంత నిజాయితీ నేను విన్న ప్రసంగాల్లో లేదు. మన ప్రసంగాలు సిలువ దగ్గర మూట జారిపడటంతో ముగుస్తాయి. బన్యన్ కథలో మూట తొందరగానే పడిపోతుంది. అసలు కష్టాలన్నీ ఆ తరువాతే. ఒకచోట గోడవార మంట మండుతూ ఉంటుంది. ఒకడు దాని మీద ఎడతెగకుండా నీళ్ళు పోస్తున్నా ఆరదు, ఇంకా పైకి లేస్తుంది. గోడ అవతలకు వెళ్ళి చూస్తే మరొకరు చాటుగా నూనె పోస్తున్నారు. విశ్వాసం పెరిగే తీరు గురించి ఇంతకన్నా చక్కని బొమ్మ నేను చూడలేదు.

కానీ ఈ ఎదుగుదల అంతా ఒంటరివాడిది. దారిలో స్నేహితులు దొరుకుతారు గాని, అతను అన్నం పెట్టవలసినవాళ్ళు ఎవరూ వెంట లేరు.

1684లో వచ్చిన రెండో భాగాన్ని చాలామంది చప్పనిదని పక్కనపెడతారు. మా నాన్నగారు మొదటి భాగం అయిపోగానే మళ్ళీ మొదటికి వచ్చేవారు. నిజమే, అందులో ఉత్కంఠ తక్కువ. ధీరహృదయుడనే (పేరు నా అనువాదం) తోడు వెంట ఉండి రాక్షసులను చంపుతుంటే ఆడవాళ్ళు చూస్తూ నిలబడతారు. అది నాకు నచ్చలేదు, మా అమ్మాయికి అసలే నచ్చలేదు. అయినా వదిలిపోయిన భార్య క్రిస్టియానా ఈసారి నలుగురు పిల్లలతో బయలుదేరుతుంది. ఒక పిల్లవాడు ఎవరిదో తోటలోని పండు తిని జబ్బుపడితే వైద్యుడు రావాలి. పాఠం అడిగేటప్పుడు అందరికన్నా చిన్నవాడితో మొదలుపెడతారు. సత్రంలో నెలకు పైగా ఉండిపోతారు, అక్కడే పెళ్ళిళ్ళు చేస్తారు. నేను మీతో సమంగా నడవలేను, మీరు వెళ్ళండి అని ఒక బలహీనుడంటే, నీ కోసం ఆగుతామంటారు. చంకకర్రల మీద నడిచేవాడొకడు తన కర్ర ఇవ్వబోతాడు.

మొదటి భాగంలో డంబపు సంత ఉన్న ఊళ్ళో క్రిస్టియన్ స్నేహితుణ్ణి కాల్చి చంపారు. రెండో భాగంలో కుటుంబమంతా అదే ఊళ్ళో చాలాకాలం కాపురముంటుంది. ఇరుగుపొరుగుతో స్నేహం చేసి, అక్కడి పేదలకు బట్టలిచ్చి, మిగిలిన ఇద్దరు కొడుకుల పెళ్ళిళ్ళూ అక్కడే చేస్తుంది. సంతను దాటిపోవడం కాదు, సంతలో పిల్లలను పెంచడం. మన సంగతి ఇంకేమిటి? మన ఇళ్ళల్లో జరిగే ఆదివారపు కూటాల్లో పిల్లలు ఎన్ని వాక్యాలు కంఠస్థం చేశారని లెక్కపెడతాము. మూడు వారాలుగా రాని అబ్బాయి ఎందుకు రాలేదో వాళ్ళింటికి వెళ్ళి అడిగినవాళ్ళం లేము. నేనూ వెళ్ళలేదు.

మొదటి భాగంలో క్రిస్టియన్‌ను బంధించిన నిరాశారాక్షసుడి కోటను రెండో భాగంలో పడగొట్టేవాళ్ళలో, ఒకప్పుడు అతను వదిలివెళ్ళిన ఆ నలుగురు పిల్లలూ ఉన్నారు. లోపల చెరలో ఉన్న తండ్రీకూతుళ్ళను బయటకు తెస్తారు. చంకకర్రలవాడు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీద నాట్యం చేస్తాడు, రెండో చేత్తో కర్ర వదలకుండానే. అక్కడికి వచ్చేసరికి మా అమ్మాయి పుస్తకం నా చేతిలోంచి తీసుకుని ఆ పేజీ తనే మళ్ళీ చదివింది. క్రిస్టియన్‌ను మాత్రం ఇంకా క్షమించలేదట.