బలం పనికిరాని చోట: సూపర్‌మ్యాన్ కథలు కొన్ని - ఒక పరిశీలన

ధారావాహిక కథకు ముగింపు ఒక చిక్కు సమస్య అని ఇంతకుముందు చెప్పుకున్నాం. వారపత్రికలో వచ్చే సీరియల్ ఏడాదికో రెండేళ్లకో ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అమెరికాలో 1938 జూన్ తేదీతో వెలువడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో ప్రారంభమైన సూపర్‌మ్యాన్ కథ మాత్రం ఇప్పటికీ ఆగలేదు. రాసేవాళ్లు మారారు, బొమ్మలు గీసేవాళ్లు మారారు, చదివిన పిల్లలు తాతలయ్యారు. కథానాయకుడు మాత్రం ముప్పై ఏళ్ల వయసు దగ్గరే నిలబడి ఉన్నాడు.

మొదట్లో అతడికి ఎగరడం రాదు. ఎత్తైన భవనాల మీదుగా దూకేవాడు, అంతే. తరువాతి సంవత్సరాల్లో ఎగరడం వచ్చింది, చూపుతో కాల్చడం వచ్చింది, చివరికి గ్రహాలను తోసే బలం వచ్చింది. అతడి బలం పెరిగినకొద్దీ రచయితకు ఇబ్బంది పెరిగింది. ఓడే అవకాశమే లేనివాడి కథలో పాఠకుడికి ఉత్కంఠ ఎలా కలుగుతుంది? సాధారణ రచయితలు దీనికి రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఒకటి, క్రిప్టొనైట్ అనే రాయిని దగ్గర పెట్టి అతడిని బలహీనుణ్ణి చేయడం. రెండు, అతడికన్నా బలవంతుణ్ణి తీసుకురావడం. రెండింటిలోనూ కథ మళ్లీ బలాబలాల లెక్క దగ్గరికే వస్తుంది. అలాంటి కథలు వందలకొద్దీ ఉన్నాయి. ఒకటి చదివితే మిగిలినవి చదివినట్లే.

ఇటలీకి చెందిన ఉంబెర్టో ఎకో 1962లో సూపర్‌మ్యాన్ మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఆయన వాదాన్ని స్థూలంగా ఇలా చెప్పవచ్చు. పురాణ పాత్ర మారదు. దాని కథ ముందే జరిగిపోయింది, శ్రోతకు తెలుసు. నవలలోని పాత్ర మారుతుంది. ఏ పని చేసినా ఆ పని దాని ఆయుష్షులో కొంత ఖర్చు చేస్తుంది. సూపర్‌మ్యాన్ పురాణ పాత్రలా మారకుండా ఉండాలి, నవలా నాయకుడిలా ప్రతి నెలా కొత్త పని చేయాలి. పెళ్లి చేసుకుంటే ఒక అడుగు మరణం వైపు వేసినట్లే. అందుకని ఆ కథల్లో కాలం కలలో లాగా మసకగా ఉంటుంది. నిన్నటి కథ ఇవాళ్టి కథకు ముందు జరిగిందో తరువాత జరిగిందో ఎవరూ అడగరు.

ఎకో చెప్పినది చాలా వరకు నిజం. అయితే ఆయన నమూనాకు లొంగని కథలు కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైనవి తీసుకుని ఇక్కడ చర్చిస్తాను. సూపర్‌మ్యాన్ గొప్పా, బ్యాట్‌మ్యాన్ గొప్పా అని సంపర్క తరగతుల్లో విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ఆ తగాదాకు ఈ పాఠంలో చోటు లేదు.

కొడుకుకు తెలుసు, తల్లికి తెలియదు

'సూపర్‌మ్యాన్' పత్రిక 141వ సంచిక 1960 నవంబరు తేదీతో వచ్చింది. అందులో సూపర్‌మ్యాన్ క్రిప్టాన్‌కు తిరిగి వెళ్లే కథ ఉంది. అంతరిక్షంలో ఒక వింత జీవిని వెంబడిస్తూ అతడు కాలపు హద్దు దాటి, తాను పుట్టకముందున్న క్రిప్టాన్ గ్రహం మీద దిగుతాడు. అక్కడి సూర్యుడు ఎర్రనివాడు కనుక అతడి శక్తులన్నీ పోతాయి. తిరిగి వెళ్లే దారి లేదు. ఆ గ్రహం త్వరలో పేలిపోతుందని అక్కడ నిశ్చయంగా తెలిసినవాడు అతడే. అతడి దుస్తులు చూసి సినిమా తీస్తున్నవాళ్లు ఎవరో చిన్న వేషాల నటుడనుకుంటారు.

అతడు తన తల్లిదండ్రులు జోర్-ఎల్, లారాల పెళ్లి చూస్తాడు. వాళ్లకు స్నేహితుడవుతాడు, వాళ్ల ఇంట్లో అతిథి అవుతాడు. తాను ఎవరో మాత్రం చెప్పలేడు. మహాభారతంలో కర్ణుడి కథను ఇక్కడ గుర్తు చేసుకోండి. అక్కడ తల్లికి తెలుసు, కొడుకుకు తెలియదు. కుంతి నోరు తెరిచేవరకు పాఠకుడు బరువుగా ఊపిరి పీలుస్తాడు. ఇక్కడ పరిస్థితి తలకిందులు. కొడుకుకు తెలుసు, తల్లికి తెలియదు, తెలియడానికి అవకాశమూ లేదు, ఎందుకంటే ఆమెకు ఆ కొడుకు ఇంకా పుట్టలేదు. నాటకీయ వ్యంగ్యానికి ఉదాహరణ రాయమని పరీక్షలో అడిగితే ఈ కథను నిస్సంకోచంగా రాయవచ్చు.

అతడు ఊరుకోడు. తండ్రితో కలిసి ప్రజలను తప్పించడానికి అంతరిక్ష నౌక తయారు చేయడానికి పూనుకుంటాడు. ఆ నౌక ఉన్న కాండోర్ నగరాన్నే బ్రెయినియాక్ అనే దుష్టుడు కుదించి ఎత్తుకుపోతాడు. ఈ సంగతి పాత పాఠకులకు ముందే తెలుసు. ఆ నగరం ఒక సీసాలో భద్రంగా సూపర్‌మ్యాన్ దగ్గరే ఉందని 1958 నుంచి చదువుతున్నారు. అంటే జరగబోయేది అతడికీ తెలుసు, మనకూ తెలుసు. ఎకో చెప్పిన పురాణ లక్షణం ఇదే. కానీ ఇక్కడ ఆ తెలియడమే బాధకు మూలమవుతుంది. ఎకో ఈ మలుపును లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం.

ఇంతలో లైలా లెరోల్ అనే నటి అతడిని ప్రేమిస్తుంది. అతడూ ప్రేమిస్తాడు. భూమి మీద ఏళ్ల తరబడి లోయిస్ లేన్‌ను తప్పించుకు తిరిగినవాడు ఇక్కడ మామూలు మగవాడిలా మనసిస్తాడు. గ్రహంతోపాటు తానూ పోతానని తెలిసి, ఆమెతో కలిసి పోవడానికి సిద్ధపడతాడు. చివరికి చిత్రీకరణ కోసం ఎక్కిన రాకెట్ ఒక ప్రమాదంలో నిజంగానే ఎగిరిపోతుంది. ఎర్రని సూర్యుడి పరిధి దాటగానే శక్తులు తిరిగి వస్తాయి, కానీ వెనక్కు పోలేడు. ప్రాణాలు దక్కడమే ఇక్కడ అతడికి జరిగిన నష్టం.

వేన్ బోరింగ్ గీసిన బొమ్మలు కొంత బిగుసుకుపోయినట్లుంటాయి. ఛాతీ కొండంత, ముఖంలో కదలిక తక్కువ. సంభాషణలు కూడా ఉన్న విషయాన్నే మళ్లీ చెబుతుంటాయి. అయినా కథ నిలుస్తుంది. దాన్ని రాసింది జెర్రీ సీగెల్ అని తెలిశాక మరోసారి చదవాలనిపిస్తుంది.

సీగెల్, చిత్రకారుడు జో షుస్టర్‌తో కలిసి, క్లీవ్‌లాండ్ నగరంలో ఈ పాత్రను సృష్టించినవాడు. 1938లో ఇద్దరూ కలిసి 130 డాలర్లకు హక్కులు రాసిచ్చేశారు. తరువాత కోర్టుకు వెళ్లారు, ఉద్యోగం పోయింది, కథల మీద పేర్లు కూడా పోయాయి. 1959లో సీగెల్ అదే కంపెనీకి కూలి రచయితగా తిరిగి వచ్చి, తాను పుట్టించిన పాత్రకే పేరు లేకుండా కథలు రాశాడు. ఆ రోజుల్లోనే ఈ కథ రాశాడు. సొంత ఇంటికి అతిథిగా వెళ్లి, తాను ఎవరో చెప్పుకోలేని మనిషి కథ! రచయిత జీవితాన్ని తెచ్చి రచనకు తగిలించడం విమర్శలో ప్రమాదకరమైన అలవాటని నేనే అనేకసార్లు హెచ్చరించాను. సీగెల్ తండ్రి 1932లో తన దుకాణంలో దొంగలు పడినప్పుడు మరణించాడని, తుపాకీ గుళ్లు తగలని వీరుడు అందుకే పుట్టాడని కొందరు అంటారు. ఆ ఊహను నేను అంగీకరించను, అందుకు రుజువు లేదు. క్రిప్టాన్ కథ విషయంలో మాత్రం ఈ పోలికను పక్కన పెట్టడం నాకు చేతకాలేదు. పత్రికల్లో పెద్ద అలజడి జరిగిన తరువాత 1975లో వారిద్దరికీ ఏటా 20 వేల డాలర్ల పింఛను, కథల మీద పేర్లు తిరిగి దక్కాయి.

సీగెల్‌దే మరో కథ 1961లో 149వ సంచికలో వచ్చింది. సూపర్‌మ్యాన్ మరణం దాని ఇతివృత్తం. లెక్స్ లూథర్ మారిపోయినట్లు నటించి, క్యాన్సర్‌కు మందు కనిపెట్టి, నమ్మకం సంపాదించి చంపుతాడు. దీన్ని ఊహాకథ అన్నారు, అంటే అసలు వరుసలో లెక్కలోకి రాని కథ. ఎకో చూపిన చిక్కు నుంచి తప్పించుకోవడానికి కంపెనీ తవ్వుకున్న దొడ్డిదారి అది. కానీ ఆ దొడ్డిదారిలోనే నిజమైన ముగింపు దొరికింది. కాండోర్ ప్రజలు లూథర్‌ను విచారించేటప్పుడు, తనను వదిలిపెడితే మీ నగరాన్ని పూర్వపు పరిమాణానికి తెస్తానని అతడు బేరం పెడతాడు. వాళ్లు ఒప్పుకోరు. ఆ కథలో సూపర్‌మ్యాన్ మళ్లీ లేవడు.

కోరిక తీరిన కల

ఆ లైలా పేరు 25 ఏళ్ల తరువాత మళ్లీ వినబడుతుంది. 1985లో సూపర్‌మ్యాన్ వార్షిక సంచిక 11లో అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు గీసిన కథ వచ్చింది. అన్నీ ఉన్నవాడికి ఏం కానుక ఇవ్వాలి అన్నది దాని శీర్షికలోని చమత్కారం.

సూపర్‌మ్యాన్ పుట్టినరోజు. మంచు ప్రాంతంలో ఉన్న అతడి రహస్య స్థావరానికి బ్యాట్‌మ్యాన్, రాబిన్, వండర్ ఉమన్ కానుకలతో వస్తారు. అతడు కదలకుండా నిలబడి ఉంటాడు, ఛాతీకి ఒక మొక్క అల్లుకుని ఉంటుంది. మోంగుల్ అనే శత్రువు పంపిన కానుక అది. మనసు లోతుల్లో ఉన్న కోరికను కలగా చూపించి మనిషిని బందీ చేస్తుంది. సూపర్‌మ్యాన్ కలలో క్రిప్టాన్ పేలలేదు. అతడు మామూలు ఉద్యోగం చేసుకునే గృహస్థు. భార్య లైలా, కొడుకు వాన్, కూతురు ఓర్నా.

సామాన్య రచయిత అయితే ఈ కలను స్వర్గంలా చిత్రించేవాడు. మూర్ అలా చేయలేదు. గ్రహం పేలలేదు కనుక జోర్-ఎల్ జోస్యం తప్పింది. నలుగురూ నవ్వారు. ఆ అవమానంతో ముసలివాడు చేదెక్కి, ద్వేషాన్ని రగిలించే రాజకీయాల్లో చేరాడు. వీధుల్లో గొడవలు. తండ్రి గొప్పవాడు కావాలంటే లోకం నాశనం కావాలి, లోకం మిగలాలంటే తండ్రి నవ్వులపాలు కావాలి. కోరికలోనే ఇంత ముల్లు ఉందని చూపడంలో మూర్ ప్రతిభ తెలుస్తుంది.

ఒక గడిలో క్రిప్టాన్ ఇల్లు, మరుగడిలో మంచులో పోరాటం. బొమ్మల కథకు మాత్రమే సాధ్యమైన ఈ సంవిధానాన్ని శ్రద్ధగా గమనించండి. అక్కడ వండర్ ఉమన్ దెబ్బలు తింటుంటే, ఇక్కడ తండ్రి కొడుకును వెంటబెట్టుకుని, కాండోర్ ఒకప్పుడున్న పెద్ద గొయ్యి దగ్గరికి వెళతాడు. ఆ బిడ్డ పుట్టినప్పుడు తాను పక్కనే ఉన్నానని, నువ్వు నిజం కాదేమోననిపిస్తోందని చెబుతాడు. పిల్లవాడికి ఏమీ అర్థం కాదు. తండ్రి అతడిని కావలించుకుంటాడు, కల కరుగుతుంది. ఈ పేజీని నేను చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ పుస్తకం కాసేపు పక్కన పెట్టవలసి వచ్చింది.

మేలుకున్నాక అతడికి వచ్చే కోపం పాత కథల్లో కనిపించదు. మోంగుల్‌ను నిజంగా చంపేలా ఉంటాడు. చంపగలిగిన క్షణంలో, క్రిప్టాన్ గోళాన్ని ఎత్తి పట్టుకున్న తల్లిదండ్రుల విగ్రహాలు కంటపడి చేయి ఆగుతుంది. ఆ సందులో మోంగుల్ పైచేయి సాధిస్తాడు. చివరకు ఆ మొక్కను మోంగుల్ మీద వేసి గెలిపించేది కుర్రవాడు రాబిన్. బలవంతుల యుద్ధంలో గెలుపు అందరికన్నా బలహీనుడికి దక్కింది.

కానుకల సంగతి చివర్లో చిన్న హాస్యంలా వస్తుంది. వండర్ ఉమన్ కాండోర్ నగరపు నమూనా తెస్తుంది. అలాంటిది తన దగ్గర ముందే ఉన్నా, ఆమె నొచ్చుకోకుండా రెప్పపాటులో దాన్ని దాచేస్తాడు. అంత వేగం ఆ కథలో అతడికి నిజంగా ఉపయోగపడింది ఇక్కడే. బ్యాట్‌మ్యాన్ ఒక కొత్త రకం గులాబీ మొక్క తెచ్చాడు, దాని పేరు క్రిప్టాన్. అది పోరాటంలో నలిగిపోయింది. పోతే పోయిందిలే, అదే మంచిదేమో అన్నట్లు సూపర్‌మ్యాన్ మాట్లాడతాడు. సీగెల్ నాయకుణ్ణి క్రిప్టాన్ నుంచి ప్రమాదం లాగేసింది. మూర్ నాయకుడు తానే వదులుకున్నాడు. రెండు కథల మధ్య పెరిగింది ఈ మేరకే, కానీ ఇది చాలా ఎక్కువ.

ఎక్కువమంది చదివిన కథ

మీలో కొందరు 1992 నవంబరులో వచ్చిన 75వ సంచిక గురించి విని ఉంటారు. డూమ్స్‌డే అనే రాక్షసుడితో పోరాడి సూపర్‌మ్యాన్ మరణిస్తాడు. అరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. చివరి నాలుగు భాగాల్లో పేజీకి నాలుగు గడులు, తరువాత మూడు, రెండు, చివరి సంచికలో పేజీకి ఒకే బొమ్మగా తగ్గించిన శిల్పం మెచ్చుకోదగినదే. అంతకుమించి నాకు అందులో ఏమీ కనబడలేదు. ఇద్దరు బలవంతులు కొట్టుకున్నారు, ఇద్దరూ పడ్డారు. మరుసటి ఏడాది నాయకుడు తిరిగి వచ్చాడు. అది అసలు వరుసలో జరిగిన మరణం, అయినా నిలవలేదు. 1961 నాటిది ఊహాకథ, అయినా నిలిచింది.

తెలుగులో 1980లో ఎన్.టి.రామారావు నటించిన 'సూపర్‌మేన్' సినిమా వచ్చింది. అందులో నాయకుడి శక్తి హనుమంతుడి వరం. మన ప్రేక్షకుడికి అది వెంటనే అందుతుంది. కానీ క్రిప్టాన్ స్థానంలో వరం వచ్చిందంటే, పోగొట్టుకున్న ఇల్లు కథలోంచి పోయిందన్నమాట. మనం ఇప్పటివరకు చర్చించిన రెండు కథలూ ఆ ఇంటి మీదే నిలబడ్డాయి.

ఒక్క పేజీ

గ్రాంట్ మోరిసన్ రాసి, ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు గీసిన 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్' 2005 నుంచి 2008 వరకు 12 సంచికలుగా వచ్చింది. సూర్యశక్తి అతిగా సోకి సూపర్‌మ్యాన్ చనిపోబోతున్నాడు. మిగిలిన కాలంలో చేయవలసిన పనులు చేస్తుంటాడు. పదో సంచికలో ఆ పనుల మధ్య ఒక పేజీ ఉంది. ఎత్తైన భవనం అంచు మీద ఒక అమ్మాయి దూకడానికి నిలబడి ఉంటుంది. ఆమె డాక్టరు రావడం ఆలస్యమైంది. సూపర్‌మ్యాన్ ఆమె వెనక నిలబడి, డాక్టరు నిజంగానే దారిలో చిక్కుకున్నాడని, ఆమె తాననుకున్నదానికన్నా బలమైనదని చెబుతాడు. ఆమె అతడి గుండెకు ఆనుకుంటుంది. అంతే.

దూకాక పట్టుకోవడం అతడికి చిటికెలో పని. మోరిసన్ ఆ పని చేయనివ్వలేదు. పట్టుకుంటే ఆమె శరీరం దక్కేది, ఆమె నిర్ణయం మారేది కాదు. చావు దగ్గరపడినవాడు ఆమెతో మాట్లాడుతున్నాడని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. సీగెల్ 1960లో వాడిన ఉపాయమే మళ్లీ.

అదే సంచికలో సూపర్‌మ్యాన్ ఒక చిన్న విశ్వాన్ని తయారు చేస్తాడు. తాను లేని లోకం ఎలా ఉంటుందో చూడటం అతడి ఉద్దేశం. ఆ విశ్వంలో ఒక భూమి ఏర్పడుతుంది, మనుషులు పుడతారు, కాలం గడుస్తుంది. చివరి గడిలో బల్ల ముందు కూర్చున్న ఒక చిత్రకారుడి చేయి కనిపిస్తుంది. ఆ చేయి కాగితం మీద సూపర్‌మ్యాన్ బొమ్మ గీస్తూ ఉంటుంది.

అభ్యాసం: సీగెల్, మూర్ కథల్లో లైలా పాత్రను పోల్చి ఒక పేజీకి మించకుండా రాయండి. ఆమె వైపు నుంచి చూస్తే 1960 కథ ముగింపు ఎలా కనిపిస్తుందో ప్రత్యేకంగా ఆలోచించండి. ఆ కోణాన్ని ఈ పాఠంలో నేను తగినంతగా చర్చించలేదు.