ముందు కిటికీ, తర్వాతే మెషిన్

మిర్చి సీజన్‌లో మా తాడేపల్లి చుట్టుపక్కల ఎవరు దగ్గినా ఎవరూ తల తిప్పి చూడరు. గుంటూరు యార్డులో టిక్కీలు మోసేవాడు దగ్గితే ఘాటంటారు, జిన్నింగు మిల్లులో దగ్గితే దూదినూగంటారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలన్న మాట ఇలాంటి చోట సులువుగా జారిపోతుంది.

జారకుండా ల్యాబు దాకా వచ్చిన కళ్ళె డబ్బీ సంగతి చూద్దాం. టీబీ ల్యాబు పెడుతున్నామనగానే అందరూ ఏ మెషిన్ అని అడుగుతారు. నేను కిటికీ ఎటుందని అడుగుతాను. కళ్ళెను కదిపినప్పుడల్లా కంటికి ఆనని తుంపర లేస్తుంది. గాలి టెక్నీషియన్ వీపు వైపు నుంచి వచ్చి, శాంపిల్ మీదుగా బయటికి పోవాలి. అగరుబత్తి వెలిగించి బల్ల దగ్గర పెడితే పొగే దారి చూపిస్తుంది. స్మియర్ తీసేంతసేపు నెత్తిమీది ఫ్యాను ఆపాలి. మే నెలలో ఆ మాటంటే నన్ను తిట్టుకోని టెక్నీషియన్ లేడు. అయినా తలుపులు బిగించిన ఏసీ గదికంటే ఆ ఉక్కపోతే నయం.

ఇక చేతిపని. చీపురుపుల్ల విరిచి, ఆ కొసతో ఉమ్మి కాకుండా చిక్కటి పసుపు ముద్దనే ఏరి, స్లైడు మీద మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు వెడల్పున పలచగా పరచాలి. పుల్ల వెంటనే ఫినాల్‌లో పడాలి. ఆరిన స్లైడును మంట మీద చూపించి, కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి లేచేదాకా వేడిచేయాలి, మరగనివ్వకూడదు. ఆ తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడిగినా టీబీ క్రిమి ఎరుపు వదలదు. మిథిలిన్ బ్లూ వేశాక నీలంలో సన్నటి ఎర్ర పుల్లలు. ఒక్కటీ కనబడకపోతే నూరు ఫీల్డులు చూశాకే ‘లేదు’ అని రాయాలి. సగంలోనే కళ్ళు లాగుతాయి. ఓపిక అక్కడే కావాలి.

1882 మార్చి 24న బెర్లిన్‌లో శాస్త్రవేత్త కోహ్ ఈ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. ఇప్పుడైతే సీబీనాట్ అనే మెషిన్ రెండు గంటల్లో జబ్బునూ, అది రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా లేదా అన్న సంగతినీ కలిపి చెబుతోంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే మరో మెషిన్ బ్యాటరీతోనూ నడుస్తుంది. మైక్రోస్కోపుకు మిల్లీలీటరులో వేలల్లో క్రిములుంటే గానీ దొరకవు, వీటికి అంతకంటే తక్కువ చాలు. మెషిన్ల మీద నాకు కోపం లేదు. కానీ వాటిలోకి ఎక్కించాలన్నా డబ్బీ మూత తెరవాల్సిందేగా!

కల్చర్ సంగతి వేరు. అక్కడ క్రిమిని కావాలని పెంచుతారు కాబట్టి, గాలి లోపలికే తప్ప బయటికి తోసుకురాని గదీ, వడపోత ఉన్న క్యాబినెట్టూ తప్పవు. ఆ ఖర్చు ప్రతి ఊరూ పెట్టనక్కర్లేదు. మామూలు ఆస్పత్రికి ప్లాను గీసే ఇంజినీరును మాత్రం నేనడిగేది ఒకటే: కళ్ళె గదిని పసిపిల్లల తల్లులు కూర్చునే వరండాకు ఎగువగాలిన పెట్టకండి. కళ్ళె తీసిచ్చే చోటు ఆరుబయటే, కాస్త ఎండ తగిలేలా చూడండి.