ఆరు గదుల్లో అయిదు తూటాలు

మూడో తూటా పేలాక సిలిండర్ బిగుసుకుపోయింది. హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగితే కొంచెం వచ్చి ఆగింది. బలం పెట్టి లాగుదామా అనిపించింది గానీ చెయ్యి ముందుకు రాలేదు. డాలస్ నుంచి గంటన్నర ప్రయాణం, చుట్టూ జొన్నచేలు, మధ్యలో మట్టికట్ట పోసిన చిన్న షూటింగ్ రేంజి. నా చేతిలో ఉన్నది .44 మాగ్నమ్ సింగిల్ యాక్షన్ రివాల్వర్. కొని మూడు నెలలైనా కాలేదు. లోపల ఇంకా మూడు తూటాలున్నాయి.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా తుపాకులు బాగుచేసి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. గొట్టం మట్టికట్ట వైపే ఉంచమని చెప్పి, వంగి సిలిండర్ ముందు భాగం చూశాడు. గొట్టం కింద, సిలిండర్‌ను మోసే కడ్డీ తల వడ్లగింజంత ముందుకు జారి ఉంది. దాన్ని బొటనవేలితో లోపలికి నెట్టాడు. టిక్కుమంది. సిలిండర్ మళ్ళీ తిరిగింది. పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు.

ఆ కడ్డీని బేస్ పిన్ అంటారు. మన మాటలో ఇరుసు. దాన్ని పట్టి ఉంచేది ఫ్రేమ్‌లో అడ్డంగా ఉండే చిన్న గొళ్ళెం, ఆ గొళ్ళేన్ని ఒత్తి పెట్టేది ఒక చిట్టి స్ప్రింగు. బండి ఇరుసుకు కడచీల ఊడితే చక్రం ఏమవుతుందో పల్లెలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇక్కడా అదే కథ. మాగ్నమ్ అనే ఘాటు తూటా పేలినప్పుడు తుపాకీ ఒక్క ఉదుటున వెనక్కి తంతుంది. ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉండబోతుంది. స్ప్రింగు మెత్తగా ఉంటే గొళ్ళెం పట్టు తప్పి ఇరుసు ముందుకు వస్తుంది. గట్టి స్ప్రింగు వేస్తే తీరిపోయే జబ్బు అది.

సింగిల్ యాక్షన్ అంటే మొండి తుపాకీ, ఎన్నాళ్ళయినా చెడదు అని అమెరికాలో పేరు. ఆ పేరు నమ్మే నేనూ కొన్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటను ఇంకోలా చెబుతాను. ఇదీ చెడుతుంది, కానీ చెప్పి చెడుతుంది. చెప్పేది వినే చెవి, చూసే కన్ను, ఒక మంచి స్క్రూడ్రైవర్ ఉన్నవాడి దగ్గర ఇది మూడు తరాలు పనిచేస్తుంది. అవేవీ లేనివాడి దగ్గర మూడు నెలలకే మొరాయిస్తుంది.

ఈ తుపాకీ ఒంపు మన కళ్ళకు కొత్త కాదు. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్ టోపీ పెట్టినప్పటినుంచి తెలుగు ప్రేక్షకుడికి తెలిసిందే. కౌబాయ్ సినిమాల్లో హీరో ఎడమ అరచేత్తో హ్యామర్‌ను టపటపా వెనక్కి కొడుతూ కాలుస్తాడే, దయచేసి ఆ పని మాత్రం ఎవరూ చేయొద్దు. లోపలి పళ్ళు అరిగిపోవడానికి, గురి గాలికి పోవడానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

దీని అసలు మూస 1873 నాటిది. కోల్ట్ కంపెనీ తయారుచేసిన సింగిల్ యాక్షన్ ఆర్మీని ఆ ఏడాదే అమెరికా సైన్యం తీసుకుంది. బొటనవేలితో హ్యామర్ ఎత్తాలి, అప్పుడు సిలిండర్ ఒక గది ముందుకు తిరుగుతుంది. ట్రిగ్గర్ చేసేది ఒకటే పని, ఎత్తి ఉన్న హ్యామర్‌ను వదలడం. అందుకే సింగిల్ యాక్షన్ అన్నారు. సిలిండర్ పక్కకు తెరుచుకోదు. కుడివైపు ఉన్న చిన్న తలుపు తీసి, ఒక్కో గదిలో ఒక్కో తూటా పెట్టాలి. కాల్చాక కిందున్న కడ్డీతో ఒక్కో ఖాళీ గుల్లను బయటికి పొడవాలి. నిదానం పని. ఆ నిదానంలోనే దాని బలం ఉంది. పక్కకు తెరుచుకునే రివాల్వర్లలో సిలిండర్ ఒక చేతికొమ్మ మీద వేలాడుతుంది. గుల్లల్ని నెట్టే నక్షత్రం లాంటి బిళ్ళ కింద కాలని మందు రవ్వ ఒకటి చేరిందంటే సిలిండర్ మూసుకోవడానికే మొరాయిస్తుంది. సింగిల్ యాక్షన్‌లో ఆ కొమ్మ లేదు, ఆ బిళ్ళ లేదు. చుట్టూ ఒకే ముక్క ఉక్కు చట్రం, మధ్యలో రెండు వైపులా ఆనుకున్న ఇరుసు.

పాత కోల్ట్ బలహీనత స్ప్రింగుల్లో ఉండేది. లోపల అన్నీ బద్ద స్ప్రింగులే. ట్రిగ్గర్‌నూ, సిలిండర్‌ను ఆపే చీలనూ రెండు కొమ్ముల బద్ద ఒకటే నొక్కి ఉంచేది. ఒక కొమ్ము విరిగితే తుపాకీ సగం పని మానేసేది. అందుకే ఆ కాలపు పశువుల కాపరులు ఆ స్ప్రింగు ఒకటి అదనంగా దగ్గర పెట్టుకునేవారని పెద్దాయన చెప్పాడు.

రెండో ప్రపంచయుద్ధం నాటికి కోల్ట్ దాని తయారీ ఆపేసింది. టీవీలో కౌబాయ్ కథలు ఇంటింటికీ చేరి జనం మళ్ళీ ఆ తుపాకీని అడుగుతున్న రోజుల్లో బిల్ రూగర్ అనే ఆయన 1953లో చిన్న .22 తోనూ, 1955లో .357 మాగ్నమ్ బ్లాక్‌హాక్‌తోనూ ఆ లోటు తీర్చాడు. బయటి రూపం పాతదే. లోపల బద్ద స్ప్రింగులు తీసేసి పియానో తీగతో చుట్టిన చుట్ట స్ప్రింగులు పెట్టాడు. అవి విరగడం అరుదు.

ఇంకో సంగతి మనవాళ్ళు ఇష్టంగా వినాలి. ఆ చట్రాన్ని ఆయన దిమ్మ నుంచి చెక్కించలేదు, పోత పోయించాడు. ముందు మైనంతో బొమ్మ, దాని మీద గట్టిపడే పూత, వేడికి మైనం కరిగి పోయాక ఆ ఖాళీలో కరిగిన ఉక్కు. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు పోసేదీ, మన గుళ్ళ పంచలోహ విగ్రహాలు పోసేదీ ఈ సూత్రంతోనే. పోత ఇనుము పెళుసు అని పెదవి విరిచినవాళ్ళు అప్పట్లో చాలామందే. క్రోమ్ మాలిబ్డినమ్ ఉక్కుతో పోసిన ఆ చట్రాలే డెబ్బై ఏళ్ళుగా మాగ్నమ్ దెబ్బలు కాస్తున్నాయి.

ఆ దెబ్బ ఎంతో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. 1873 నాటి .45 కోల్ట్ తూటాకు నేటి ప్రమాణాల ప్రకారం అనుమతించే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు. 1935లో వచ్చిన .357 మాగ్నమ్‌కు 35,000. .44 మాగ్నమ్‌కు 36,000. 1983లో వయోమింగ్ రాష్ట్రంలోని ఫ్రీడమ్ అనే చిన్న ఊళ్ళో ఫ్రీడమ్ ఆర్మ్స్ వాళ్ళు రివాల్వర్‌గా తెచ్చిన .454 కసూల్‌కు 65,000. ఆ తుపాకీకి ఆరు గదులు కాదు, అయిదే. గదికీ గదికీ మధ్య గోడ మందంగా ఉండాలి కదా. ఐడహోలో పశువుల మధ్య బతికిన ఎల్మర్ కీత్ అనే రచయిత, 1920లలో .45 కోల్ట్‌లో ఘాటుగా మందు దట్టించి సిలిండర్లు పగలగొట్టుకున్నాడు. ఆ తర్వాత గోడ మందం ఎక్కువుండే .44 స్పెషల్‌కు మారి, ముప్పై ఏళ్ళ పాటు దానికోసం వాదించాడు. .44 మాగ్నమ్ పుట్టింది ఆ వాదన నుంచే. ఘాటు మాగ్నమ్ తూటాలు పాత కోల్ట్ నకళ్ళలో వాడకూడదని ఎందుకంటారో ఆయన పగిలిన సిలిండర్లే సాక్ష్యం.

తన్ను పెరిగాక జబ్బులూ మారాయి. నా తుపాకీ ఇరుసు జారడం అందులో ఒకటి. దానికంటే మోసకారి జబ్బు తూటా పాకడం. ఒకటి పేలినప్పుడు మిగతా గదుల్లోని తూటాల ఇత్తడి గుల్లలు తుపాకీతోపాటు వెనక్కి వెళ్తాయి, సీసపు ముక్కు మాత్రం బరువు కొద్దీ ఉన్నచోటే ఉండబోతుంది. గుల్ల అంచు దాన్ని గట్టిగా కరిచి పట్టకపోతే నాలుగైదు కాల్పులకు ముక్కు గదిలోంచి బయటికి పొడుచుకొచ్చి, గొట్టం వెనక అంచుకు తగిలి సిలిండర్‌ను ఆపేస్తుంది. తూటా తేలికదైతే ఈ బాధ తక్కువ. 240 గ్రెయిన్లు, అంటే పదిహేను గ్రాములపైన బరువున్న తూటాను ఇంట్లో తయారుచేసుకునేవాళ్ళు, సీసం మీది గాడిలోకి గుల్ల అంచును బాగా మడిచి నొక్కాలి. పెద్దాయన పద్ధతి మరీ సులువు. కొత్త రకం తూటాలు తెస్తే నాలుగు కాల్చి, అయిదోదాన్ని బయటికి తీసి కొలుస్తాడు. పొడవు పెరిగి ఉంటే ఆ పెట్టె మొత్తం పక్కన పెడతాడు.

స్క్రూలు వదులు కావడం మామూలే. గొట్టం కింద గుల్లల్ని నెట్టే కడ్డీ తొడుగును ఒకే ఒక్క చిన్న స్క్రూ పట్టి ఉంచుతుంది. అది వదులైనా చూసుకోకపోతే మరలు చెదిరి, ఒకరోజు ఆ తొడుగంతా ఊడి ముందుకు ఎగురుతుంది. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే మొన ఉన్న స్క్రూడ్రైవర్, మరల మీద ఒక బొట్టు జిగురు, అంతే మందు. గాడి చెదిరిన స్క్రూలు చూస్తే ఆ తుపాకీ ఎలాంటి చేతుల్లో పెరిగిందో చెప్పేయొచ్చు.

ఇక చెవితో పట్టే జబ్బులు. పాత కోల్ట్ హ్యామర్‌ను మెల్లగా ఎత్తితే నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. మొదటిది భద్రత కోసం పెట్టిన మెట్టు, రెండోది సగం మెట్టు, మూడోది సిలిండర్‌ను ఆపే చీల వదిలిన చప్పుడు, నాలుగోది పూర్తిగా ఎత్తినట్టు. ఇంగ్లీషులో కోల్ట్ పేరుకు ఉన్న అక్షరాలూ నాలుగే కాబట్టి ఆ తుపాకీ తన పేరు తానే చెబుతుందని అక్కడివాళ్ళు మురిసిపోతారు. పెద్దాయన నాకు నేర్పిన పరీక్ష ఇది. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకోవాలి. సిలిండర్ మీద వేలు కొంచెం ఆనించి, తిరగనివ్వకుండా కాదు, కాస్త బరువు మాత్రం పెట్టి, హ్యామర్‌ను నిదానంగా ఎత్తాలి. హ్యామర్ పూర్తిగా నిలిచేలోగా చీల టక్కుమని సిలిండర్ గాడిలో పడాలి. హ్యామర్ నిలిచాక కూడా పడకపోతే, సిలిండర్‌ను తోసే చిన్న ముక్క అరిగిందన్నమాట. దాన్ని తుపాకీ పనివాళ్ళు ‘చెయ్యి’ అనే పిలుస్తారు. చెయ్యి పొట్టిదైతే తూటా గది గొట్టానికి ఎదురుగా నిలవదు, సీసం అంచుకు కోసుకుని పక్కకు చిమ్ముతుంది. చీల ముందే పడుతుంటే సిలిండర్ చుట్టూ సన్నటి గీత పడుతుంది. ఆరు గదుల్నీ ఇలా విడివిడిగా వినాలి. అయిదు బాగుండి ఒకటి తేడా చేయడం మామూలు.

సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు పదోవంతు మిల్లీమీటరు, కొంచెం అటూ ఇటూ ఉంటే ఆరోగ్యం. బండ్ల మెకానిక్కులు వాడే రేకుల కొలతతోనే దాన్ని చూస్తారు. ఆ సందులోంచి ఎగిసే మంట చట్రం పైకడ్డీ అడుగున సన్న గాడి కోస్తుంది. అది చూసి కొత్తవాళ్ళు బెదిరిపోతారు గానీ కొంత లోతు దిగాక అది తనంతట తానే ఆగుతుంది. గొట్టాన్ని చట్రంలోకి బిగించిన చోట లోపలి దారి వెంట్రుకవాసి నొక్కుకుపోవడమే గురికి అసలు శత్రువు. అక్కడ సీసం అంటుకుంటుంది, తూటాలు చెదిరిపోతాయి. ఓపిక ఉన్నవాళ్ళు సానపొడి పూసిన తూటాలు తక్కువ మందుతో కాల్చి ఆ నొక్కును అరగదీస్తారు.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది. హ్యామర్ ఎత్తడం తేలిక కావాలని మెత్తటి స్ప్రింగు వేశాను. బల్ల మీద హాయిగా ఉంది. చలికాలం ఒక ఉదయం రేంజిలో టిక్కుమని ఊరుకుంది, పేలలేదు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చని ముప్పై సెకన్లు గొట్టం కదపకుండా నిలబడ్డాను. తూటా తీసి చూస్తే, అడుగున మందును అంటించే ప్రైమర్ మీద దెబ్బ పడింది గానీ లోతు లేదు. ఇంటికెళ్ళి అసలు స్ప్రింగే మళ్ళీ పెట్టాను. అడవిలో ఎలుగుబంటి బెడద ఉన్నచోట ఈ తుపాకీ నడుముకు కట్టుకునేవాళ్ళకు ఆ టిక్కుమనే చప్పుడు అర్థం వేరు.

పిడి గురించి ఒక మాట. నాగలి మేడిలా వంగిన పిడి తన్నినప్పుడు అరచేతిలో పైకి దొర్లుతుంది. కొత్తవాళ్ళు దాన్ని బిగించి ఆపబోతారు, మణికట్టు నొప్పి తెచ్చుకుంటారు. దొర్లనిస్తేనే అది మేలు చేస్తుంది, పైగా హ్యామర్ బొటనవేలి దగ్గరికి తానే వస్తుంది. 1959 నాటి రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ ట్రిగ్గర్ చుట్టూ ఉండే చట్రం వెనక మూల నలుచదరంగా ఉండి మధ్యవేలి కణుపును కొడుతుందని వాడినవాళ్ళందరూ చెప్పే మాటే. నా వేలికీ ఆ గుర్తు ఉంది.

పాత కోల్ట్‌లోనూ, రూగర్ తొలి తుపాకుల్లోనూ హ్యామర్ కిందకు దిగి ఉంటే తూటాను కొట్టే మొన సూటిగా తూటా మీద ఆనుతుంది. తుపాకీ జారి పడితే పేలొచ్చు. భద్రత మెట్టు ఉంది కదా అని నమ్మితే, ఆ మెట్టు పన్ను మరీ సన్నం. అందుకని పాతవాళ్ళు ఒక వరస పెట్టుకున్నారు. ఒకటి పెట్టు, ఒకటి వదులు, నాలుగు పెట్టు, హ్యామర్ పూర్తిగా ఎత్తి మెల్లగా దించు. హ్యామర్ సరిగ్గా ఖాళీ గది మీద దిగుతుంది. 1973లో రూగర్ కంపెనీ హ్యామర్‌కూ మొనకూ మధ్య ఒక ఉక్కు బద్ద పెట్టింది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే అది పైకి లేచి దెబ్బను మొనకు అందిస్తుంది. ఆరూ నింపుకున్నా భయం లేదు. పాతవాటికి ఆ మార్పు ఉచితంగా చేసిస్తామని 1982 నుంచి పిలుస్తోంది కూడా.

పెద్దాయన దగ్గర ఉన్నది ఆ ఉక్కు బద్ద ఉన్న కొత్త రకమే. అయినా ఆ రోజు నా ఎదుట అయిదే నింపాడు. ఆరు పట్టే తుపాకీకి అయిదేమిటని అడిగాను. జవాబు చెప్పకుండా పరికరాల పెట్టెలోంచి ఒక రేకు డబ్బా తీసి, అందులోంచి ఒక పాత హ్యామర్ నా అరచేతిలో పెట్టాడు. బాగుచేయమని ఎవరో తెచ్చిన తుపాకీలోదట. భద్రత మెట్టు ఉండాల్సిన చోట పన్ను విరిగి ఉంది. విరిగిన చోట వేలు పెట్టి చూశాను. ఆ పన్ను మందం నా గోటి అంచుకు మించదు.