ఊరు ఖిలమైన తరవాత

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మ్యాపు ముందేసుకుని ఊళ్ళ పేర్లు చదువుకుంటూ పోతే ఒక మాట పదేపదే తగులుతుంది: వలస. ఆమదాలవలస, కొత్తవలస, చింతలవలస, జొన్నవలస. గజపతినగరంలో పెరిగిన నాలాంటివాడికి ఈ మాట ఎంత అలవాటంటే దాని అర్థం చెవికెక్కదు. కొంచెం ఆగి వింటే విచిత్రంగా ఉంటుంది. ఊరంటే కదలకుండా ఉండేది కదా, దానికి కదిలిపోవడం అనే పేరేమిటి? ఎవరో ఎక్కణ్ణుంచో లేచొచ్చి, చింతల కిందో ఆముదాల పక్కనో దిగారని ఆ పేరే చెబుతోంది. దిగిన చోటు సరే. లేచొచ్చిన చోటు? ప్రతి వలస వెనకా పూర్తిగానో సగమో ఖాళీ అయిన ఇంకో ఊరు ఉండితీరాలి. దాని పేరు మాత్రం ఎక్కడా కనపడదు.

‘పాడు’ సంగతి ఇంకా తమాషా. ఇరపాడు, గార్లపాడు లాంటి పేర్ల చివర వచ్చే పాడుకి అర్థం ఊరు. పాడుబడ్డ అన్నప్పుడు అదే పాడు శిథిలం. భాషావేత్తలు ఇవి రెండూ వేరని చెబితే చెప్పనీండి, వినేవాడికి మటుకు రెండూ ఒకే నోట వస్తాయి. కోస్తాలో పాత ఊరి దిబ్బని పాటిదిబ్బ అంటారు. ఆ దిబ్బ మీది మట్టి పాటిమన్ను. వందల ఏళ్ళు మనుషులూ పశువులూ బతికిన చోటు కాబట్టి అది మంచి ఎరువు. బళ్ళకెత్తి పొలాలకి తోలుకుపోయేవారు. అంటే చచ్చిపోయిన ఊరు పక్క ఊరి చేలో పంటగా లేచేది. దిబ్బ తరిగిపోయేది, దాంతోపాటు ఊరుండేదన్న సాక్ష్యమూ పోయేది.

ఊళ్ళు పోవడం మన దగ్గర కొత్త కాదు. కరువుకి పోయాయి, దండ్లకి పోయాయి, ఏరు దారి మార్చుకుంటే పోయాయి, మశూచికి పోయాయి. అయితే నా ప్రశ్న చరిత్ర గురించి కాదు, రాత గురించి. తెలుగులో ఊరి చావుని ఎవరు బాగా రాశారు?

నా జవాబు చాలామందికి నచ్చకపోవచ్చు. కథకులు కాదు, నవలాకారులూ కాదు. కరణాలు రాశారు. కైఫియతుల్లో.

కాలిన్ మెకంజీ (1754–1821) సర్వే పని మీద తిరుగుతూ, కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వాముల లాంటివాళ్ళ సాయంతో ఊరూరి చరిత్రలు రాయించి పోగుచేశాడని మనకి తెలుసు. వాటిని చరిత్రకారులు రాజుల పేర్ల కోసం, శాసనాల కోసం తవ్వుకున్నారు. వచనంగా చదివినవాళ్ళు తక్కువ. కడప, గుంటూరు ప్రాంతాల కైఫియతులు పుస్తకాలుగా వచ్చాయి కాబట్టి ఆసక్తి ఉన్నవాళ్ళు వరసగా ఓ ఇరవై చదివి చూడండి. ఇరవైలో సగానికి పైగా ఒకే కథ: ఇక్కడ అడవి ఉండేది, ఫలానావాడు అడవి కొట్టించి ఊరు కట్టించాడు, దేవుణ్ణి నిలిపాడు, చెరువు తవ్వించాడు, కరణీకం ఫలానావారికి ఇచ్చాడు, కొంతకాలానికి గ్రామం ఖిలమైంది, మళ్ళీ ఇంకొకడు వచ్చి అడవి కొట్టించాడు.

‘ఖిలం’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సంస్కృతంలో ఖిలమంటే సాగు లేని బీడు నేల. ఖాళీ, లోటు అన్న అర్థమూ ఉంది. లోటు లేనిది అఖిలం. భారతానికి తోకలాగా ఉండే హరివంశాన్నీ ఖిలమనే అంటారు, అనుబంధం అనే అర్థంలో. కరణం ఇదంతా ఆలోచించి రాసి ఉండడు. ఆయనకది రెవెన్యూ మాట. కానీ ఊరు పోయిందని చెప్పడానికి అంతకన్నా సరైన మాట మనకి లేదేమో. నాశనమైంది అంటే కథ ముగిసిపోతుంది. ఖిలమైంది అంటే బీడుగా ఉంది, ఎవరైనా వస్తే లేస్తుంది.

ఈ రాతలో ఏడుపుండదు. ఊరు పోయిన సంగతి ఒక్క అసమాపక క్రియలో తేలిపోతుంది: ఖిలపడి. వాక్యం అక్కడ ఆగదు, ముందుకి వెళ్ళిపోతుంది. మొదట్లో నాకిది మొండితనంలా అనిపించింది. నాలుగైదు చదివాక బలమెక్కడుందో తెలిసింది. ఊరు ఎవరి కాలంలో పోయింది, పొలిమేర ఏ గట్టు దాకా, గుడి ఏ దిక్కున, కరణీకపు మిరాశి ఎవరిదగ్గర ఆగింది, ఎవరొచ్చి మళ్ళీ లేపారు, అన్నీ ఉంటాయి. బాధ గురించి రాయకుండా, ఏం పోయిందో లెక్కగా రాశారు.

మనలోపల మాట, ఇది నిర్మలమైన రాతేమీ కాదు. కరణానికి ఇనాము కావాలి, మిరాశి నిలబడాలి. మాన్యం తన తాతకి ఏ రాజు ఇచ్చాడో దొరకి చెప్పుకోవడానికి రాసినవి కొన్ని. అందుకే గుడి ఉంటుంది, చెరువు ఉంటుంది, అగ్రహారం ఉంటుంది, వాడల సంగతి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఊరు ఖిలమైనప్పుడు మాలవాడ, మాదిగవాడ ఎటు పోయాయో ఏ కైఫియతూ నాకు చెప్పలేదు. అడవి కొట్టించాడు అంటారే, ఆ అడవిలో అంతకుముందు ఎవరున్నారో అసలే రాదు. కైఫియతుకి అడవి అంటే ఖాళీ.

కొండ మీద లెక్క వేరే. పాపికొండల్లోని కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ 1945లో వేసిన పుస్తకం ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ చదివితే తెలుస్తుంది. పోడు కదిలితే ఊరు కదులుతుంది. నాలుగైదు గుడిసెల గూడెం ఇక్కణ్ణుంచి లేచి ఆ వాలు మీద దిగుతుంది. పాత చోట అడవి మళ్ళీ మొలుస్తుంది. అక్కడ ఖాళీ అయిన చోటు చచ్చిన ఊరు కాదు, వదిలిన చోటు, తిరిగి రాదగిన చోటు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు గీతలు పడ్డాక ఈ కదలిక నేరమైంది. వదిలిన చోటు సర్కారు అడవి అయిపోయింది, ఉన్న చోటు ఆక్రమణ అయిపోయింది. మైదానం వాళ్ళం ఆ అడవుల్లో పాత రోలో, ఒంటరి మామిడిచెట్టో చూసి ‘పాపం ఊరు పోయింది’ అనుకుంటాం. పోలేదు, దాని కదలికని ఆపేశారు. ఈ తేడా పట్టించుకోకుండా రాసిన గిరిజన కథ ఎంత సానుభూతితో రాసినా నాకు మైదానం కథగానే కనిపిస్తుంది.

కైఫియతుల తరవాత ఊళ్ళ జాబితా రాసే పని జనాభా లెక్కలవాళ్ళకి వచ్చింది. జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుని సాహిత్య పత్రికలో సమీక్షించడం వింతగా ఉండొచ్చు, కానీ నేనా పుస్తకాన్ని చాలా ఇష్టంగా చదువుతాను. 2011 లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడుంది. మనుషులు లేని ఊరికి కూడా కోడుంటుంది. పేరు, విస్తీర్ణం ఉంటాయి, జనాభా గడి దగ్గరకొచ్చేసరికి నివాసితులు లేరు అని. డేటాబేసు పని చేసేవాళ్ళకి ఈ పద్ధతి తెలుసు, వరసని చెరపం, గుర్తు మారుస్తాం. తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో ఇలాంటివాటినే బేచిరాకు గ్రామాలంటారు. పారశీకంలో బే చిరాగ్, దీపం లేనిది. నిజాం దఫ్తరులో ఏ గుమాస్తా మొదట వాడాడో కానీ, మన ముంపు కవిత్వంలో దీపాలారిన ఊళ్ళన్నీ కలిపినా ఆ ఒక్క మాటకి సరిరావు.

అయితే ఈ పుస్తకంలో ఒక పెద్ద బొక్క ఉంది. కోడు రెవెన్యూ గ్రామానికే, శివారుకి లేదు. మా వైపు మధుర గ్రామం అంటారు చూడండి (మజరా అన్న మాటే మన నోట మధుర అయిందని నా అనుమానం), అలాంటివి పేరున్న పెద్ద ఊరి లెక్కలో కలిసిపోతాయి. ముప్ఫై గడపల వలస ఒకటి పదేళ్ళలో తాళాలు పడిపోయినా హ్యాండ్‌బుక్కులో దాని గుర్తు ఉండదు, పెద్ద ఊరి జనాభా కాస్త తగ్గుతుంది, అంతే. మన జిల్లాల్లో ఇది ఊహ కాదు. ఒకప్పుడు రంగం పోయారు, ఇప్పుడు హైదరాబాదు, చెన్నై పోతున్నారు. తిరిగొచ్చేది సంక్రాంతికి.

ఇక మన కాలపు రాత, ముంపు సాహిత్యం. 1981లో శ్రీశైలం జలాశయం కోసం వంద పైచిలుకు ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇళ్ళు కూల్చడానికి పెట్టిన పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. పోలవరం కింద 370కి పైగా ఆవాసాలు పోతున్నాయి, ఎక్కువ కొండరెడ్లవీ కోయలవీ. ఈ బాధ మీద కథలూ కవితలూ చాలానే వచ్చాయి. చదువుతూ పోతే ఒక మూస కనిపిస్తుంది. ఆఖరి రోజు. ముసలమ్మ గడప పట్టుకుని వదలదు. గుడిగంట మోగుతుంది, లేదా మోగదు. నీళ్ళు అరుగు దాకా వస్తాయి. కుక్క ఒకటి వెనకే పరిగెడుతుంది. కథ ఆగిపోతుంది. రాసినవాళ్ళ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కానీ ఈ కథల్లో ఊళ్ళ పేర్లు మార్చేసి చదవండి, ఏమీ తేడా రాదు. ఊరుని ఆఖరి రోజులో మాత్రమే చూశారు కాబట్టి అన్ని ఊళ్ళూ ఒకటే అయ్యాయి. అంత బాధలోనూ రచయిత ఆ ఊరి పొలాల పేర్లు నాలుగు చెప్పడు. ఏ వీధివాళ్ళు ఏ కాలనీకి పోయారో చెప్పడు. పట్టా భూమి లేని కూలివాడికి పరిహారం జాబితాలో ఎక్కడ చోటు దొరికింది, దొరకలేదు అన్నది అసలే రాదు, అది కథకి పనికిరాని గుమాస్తా పని అనుకుంటాడు. నిజానికి ఊరు రెండోసారి పోయేది ఆ జాబితాలోనే.

రాళ్ళ విషయంలో మనకి ఈ శ్రద్ధ ఉంది. నాగార్జునకొండ లోయ మునిగేముందు 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, ముఖ్యమైన కట్టడాలని ఎత్తుకెళ్ళి కొండ మీద మళ్ళీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో కట్టారు. రాయిరాయికీ లెక్క ఉంది. మంచిదే. పక్కనున్న ఇళ్ళకి, కళ్ళాలకి, ఊరబావికి ఎంతమంది అంత లెక్క రాశారు?

మా పక్క సంగతి చెబుతాను. వంశధార మీద హిరమండలం జలాశయం, 19.05 టి.ఎం.సి. రెండో దశ పనులు 2005లో మొదలయ్యాయి. 2017లో పోలీసుల్ని పెట్టి, యంత్రాలు తెచ్చి నిర్వాసిత గ్రామాల్ని ఖాళీ చేయించారు. పాడలి, తులగాం, దుగ్గుపురం, ఇరపాడు, గార్లపాడు, చినకొల్లివలస. పేర్లు మళ్ళీ చూడండి. ఒక వలస ఉంది, రెండు పాడులున్నాయి. ఎక్కణ్ణుంచో లేచొచ్చి దిగినవాళ్ళ మనవలు మళ్ళీ లేచారు. ఈసారి కట్టిన చోటుకి వచ్చిన పేరు ఆర్.ఆర్. కాలనీ. ఆముదాలు లేవు, చింతలు లేవు, ఒక చట్టంలోని రెండు పొడి అక్షరాలు.

ఈ ఊళ్ళ మీద మంచి కథ వస్తే సంతోషిస్తాను. దానికన్నా ముందు నాకొక కైఫియతు కావాలి. కరణం రాసినట్టు కాదు, వాడవాడకీ వెళ్ళి రాసింది. బావి ఎవరు తవ్వారు, దాంట్లో ఎవరిని తోడుకోనివ్వలేదు. ఏ మడిని ఏ పేరుతో పిలిచేవారు. ఊరమ్మని కొత్త కాలనీకి తెచ్చారా, అక్కడే వదిలారా, తెస్తే ఎవరి గుమ్మం ముందు నిలిపారు. చినకొల్లివలసకి మొదట దిగినవాళ్ళు ఏ ఊరు వదిలి వచ్చారని చెప్పుకునేవారు. పొలం పేర్లు నోటితో చెప్పగలిగినవాళ్ళకి ఇప్పుడు అరవై దాటింది. మెకంజీ మనుషులు గుంటూరు సీమలో అడిగి రాసుకున్న కొన్నేళ్ళకే, 1832–33లో డొక్కల కరువొచ్చింది. వాళ్ళు రాసుకున్న ఊళ్ళలో ఆ తరవాత ఎన్ని ఖిలపడ్డాయో కానీ, రాసుకున్నవి మటుకు రాతలో ఉన్నాయి.