ట్యాంకులో చెయ్యి, మీటరు మీద కన్ను

కొత్త ఫ్యూయల్ పంపు వేశారు. తాళం తిప్పగానే బండి స్టార్టయింది. బంకుకెళ్లి ట్యాంకు నింపించినా మీటర్లో ముల్లు మాత్రం అడుగునే పడుకుంది. విజయవాడ ఆటోనగర్ మెకానిక్కులకు ఇది పాత గొడవే. మీటరు పోయిందంటాడు బండి యజమాని. అనుభవమున్న మేస్త్రీ డాష్‌బోర్డు వైపు చూడనైనా చూడడు, వెనక సీటు ఎత్తి పంపు చూపించమంటాడు. నిన్నటిదాకా బాగా ఆడిన మీటరు సరిగ్గా పంపు మార్చిన రోజే పోవడం అరుదు. పంపు దించిన చెయ్యే ఎక్కడో తప్పిందని అతని లెక్క.

కార్బరేటర్ మారుతి 800లో ఈ తంటా లేదు. పంపు ఇంజను దగ్గరుండేది, మట్టం చూసే సెండర్ ట్యాంకులో విడిగా ఉండేది. పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్‌ఐ ఇంజన్లు వచ్చాక కరెంటు పంపు ట్యాంకులోకి దిగింది. చాలా కార్లలో సెండర్ దాని ఒంటికే అంటుకుని, రెండూ కలిసి ఒకే మాడ్యూల్ అయ్యాయి. ఒకదాని కోసం పైకి లాగితే రెండోదీ వస్తుంది.

సెండర్ పని చూడటానికి తేలికే. పెట్రోలు మీద ఫ్లోటు తేలుతుంది. దానికి సన్నటి కమ్మీ ఉంటుంది. కమ్మీ అవతలి కొసన వెంట్రుకంత కాంటాక్టులు రెసిస్టర్ పట్టీ మీద అటూ ఇటూ జారతాయి. జారినకొద్దీ ఓమ్‌లు మారతాయి, ముల్లు చదివేది వాటినే. ఆ లెక్క కంపెనీకొకటి. పాత అమెరికన్ కార్లనే తీసుకుంటే, జనరల్ మోటార్స్ వాటిలో ట్యాంకు ఖాళీ అయితే 0, నిండితే 90 ఓమ్‌లు. ఫోర్డు వాటిలో ఖాళీకి సుమారు 73, నిండుకు 10. ఒకదాని సెండర్ ఇంకోదాంట్లో వేస్తే ట్యాంకు నిండేకొద్దీ ముల్లు దిగుతుంది! ట్యాంకు కన్నంలో పట్టినంత మాత్రాన మాడ్యూల్ ఆ బండిదైపోదు.

చెయ్యి తిరిగిన పనివాడి తీరు చూడాలంటే పంపు మళ్లీ ట్యాంకులోకి దించేటప్పుడు చూడాలి. బ్యాటరీ నెగటివ్ ముందే ఊడదీసి ఉంటుంది. చుట్టుపక్కల బీడీ కాల్చేవాడు ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోకుండా నేల బారునే పాకుతుంది. మాడ్యూల్‌ని దింపే ముందు బల్ల మీద పెట్టి, సెండర్ రెండు పిన్నులకూ మల్టీమీటర్ తగిలించి, ఫ్లోటుని ఒక వేలితో నెమ్మదిగా లేపుతాడు.

“ఎంతరా?”

“దిగుతోందన్నా... దిగుతోంది... ఆగు, ఎగిరింది.”

అంకె ఎక్కడ ఎగిరితే పట్టీ అక్కడ అరిగినట్టు. కొత్త సరుకులోనూ ఇలాంటివి తగులుతాయి. అంకె సాఫీగా నడిస్తేనే మాడ్యూల్‌కి ట్యాంకు యోగం. అప్పుడు కూడా నిలువుగా తోసెయ్యడు. పక్కకి వంచి, ముందు ఫ్లోటుని లోపలికి పంపి, తర్వాత పంపుని నిలబెడతాడు. తొందరపడితే కమ్మీ కన్నం అంచుకు తగిలి వంగుతుంది. మాడ్యూల్ మీది బాణం గుర్తు ట్యాంకు మీది గుర్తుతో కలవకపోతే ఫ్లోటు గోడకు ఒరుసుకుని అక్కడే ఇరుక్కుంటుంది. ట్యాంకు నిండా పోయించినా ముల్లు కదలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. కప్లర్ టిక్కుమనేదాకా నొక్కకపోవడం, ఎర్త్ వైరు మరిచిపోవడం ఆ తర్వాతివి.

ముల్లు తప్పు చూపిస్తే కమ్మీని కాస్త వంచి సర్దేసేవాళ్లూ ఉన్నారు. అది ఒక మట్టం దగ్గర కుదిరి ఇంకో మట్టం దగ్గర అబద్ధం చెబుతుంది. దానికంటే కప్లర్ ఊడదీసి సెండర్ వైరుని ఎర్త్‌కి తాకించే పాత పరీక్ష మేలు. ముల్లు ఒక కొస నుంచి ఇంకో కొసకు పరిగెడితే మీటరూ వైరూ బాగున్నట్టే, దొంగ ట్యాంకులోనే ఉన్నాడు. అయితే సెండర్ కబురు కంప్యూటర్ మీదుగా వెళ్లే కొత్త కార్లలో ఈ పని చెయ్యకూడదు, వాటికి స్కానర్ ఉంది.

మెకానిక్ తప్పేమీ లేకుండానే మీటర్లు పోయిన సంగతీ ఒకటుంది. 2004 మే నెలలో అమెరికాలోని లూసియానా, ఫ్లోరిడా ప్రాంతాల్లో పెట్రోలులో గంధకం ఎక్కువై, సెండర్లలోని వెండి కాంటాక్టులు నల్లబడి, చాలా కార్లలో ముల్లు ఇష్టమొచ్చినట్టు ఆడింది. అక్కడ ఎంత నేర్పరి అయినా సెండర్ మార్చడం తప్ప చేసేదేముంది?

పాత ఇత్తడి ఫ్లోటుల సంగతి వేరు. టంకం వేసినచోట సన్నటి చిల్లు పడితే పెట్రోలు లోపలికి చేరి, ఫ్లోటు మునిగి, నిండు ట్యాంకు కూడా ఖాళీ అనిపించేది. దాన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్ అక్కర్లేదు. ఊడదీసిన ఫ్లోటుని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. లోపల గలగలమంటే చిల్లు పడినట్టే.