ఎనెస్కూ: పాట తెచ్చుకోవటం, బాణీ తెచ్చుకోవటం

జార్జ్ ఎనెస్కూ పేరు చెప్పగానే అందరికీ జ్ఞాపకం వచ్చేవి 1901లో అతను రాసిన రెండు రుమేనియన్ రాప్సొడీలు. అతని ప్రజాకళ అంతా వాటిలోనే ఉందనీ, తక్కినదంతా వియన్నా, పారిస్ నగరాల ఎరువు సొమ్మనీ నేనూ చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు.

ఎనెస్కూ 1881లో మొల్దావియా ప్రాంతంలోని లివేని గ్రామంలో పుట్టాడు. పల్లెల్లో ఫిడేలు వాయించి బ్రతికే లౌతారుల బాణీ చిన్ననాడే అతని చెవిని బడింది. ఏడవ ఏట వియన్నా సంగీత విద్యాలయంలో చేరాడు. 1895లో పారిస్ వెళ్ళి మాస్నే, ఫోరేల వద్ద సంగీత రచన నేర్చాడు. కనుక అతనిలో బ్రామ్స్ గాంభీర్యమూ, ఫ్రెంచి నాజూకూ, బాఖ్ మీది భక్తీ కలిసి కనిపిస్తాయి. శైలి మాటిమాటికీ మారిన మాట నిజమే. కాని వేరు మారిందా?

1903 నాటి మొదటి వాద్యబృంద సూట్ చూడండి. దాని తొలి భాగంలో తంత్రీవాద్యాలన్నీ ఒకే స్వరవరుసను పలుకుతాయి. కింద సమ్మేళన స్వరాలు లేవు. రాగాన్ని ఒంటరిగా వినటం అలవాటైన మన చెవికి అది పరాయిది కాదు.

రాప్సొడీలలో ఉన్నవి జనం పాడుకునే పాటలే. ఎనెస్కూ వాటిని అందంగా కూర్చాడు. 1926 నాటి మూడవ వయొలిన్ సొనాటాలో అలా తెచ్చుకున్న పాట ఒక్కటీ లేదు. అయినా లౌతారి కమాను జారుడు, స్వరాల నడుమ పలికే సూక్ష్మశ్రుతులు, పియానోలో సింబలాన్ని తలపించే మోత - అన్నీ ఉన్నాయి. మొదటిది ప్రజల పాటను చూపింది. రెండవది ప్రజల బాణీలో ఆలోచించింది. రెండవదే గొప్పదని నా అభిప్రాయం.

1936లో పారిస్‌లో ప్రదర్శింపబడిన 'ఎడిప్' సంగీత నాటకంలో, విధికన్నా బలమైనదేదని స్ఫింక్స్ అడిగితే, మనిషి అని జవాబు వస్తుంది. ఇంతకన్నా అభ్యుదయమేమి కావాలి?

ఇక్కడ మనవాళ్ళు ఒప్పుకోవలసిన చేదు నిజం ఒకటుంది. 1946లో దేశం విడిచిన ఎనెస్కూ కమ్యూనిస్టు పాలనలోని రుమేనియాకు తిరిగి రాలేదు. 1955లో పారిస్‌లో మరణించాడు. 1958లో అదే ప్రభుత్వం బుకారెస్టులో అతని పేర ఉత్సవం ఆరంభించింది. 'ఎడిప్' ఆ యేడే అక్కడ తొలిసారి రంగమెక్కింది. కళాకారుడు ఎక్కడ నివసించాడన్నది చూసి అతని కళకు వెల కట్టరాదు.

జానపద పదాలు నాలుగు చేర్చితే ప్రజాసాహిత్యం అవుతుందనుకునే మనం ఆ సొనాటాను ఒకసారి శ్రద్ధగా వినాలి.